వై-ఫై తర్వాత చూద్దాం, ముందు డిస్కులో ఉన్నవి కాపీ చేసుకోండి

నమస్తే మాస్టారూ. మీరు రాసినదంతా చదివాను, పెట్టిన మూడు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. ఇదే ఇబ్బందితో తర్వాత వచ్చేవాళ్లకు కూడా అర్థమయ్యేలా మీ పరిస్థితి క్లుప్తంగా చెబుతాను. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్. విండోస్ 10 పక్కన 60 జీబీ జాగాలో లినక్స్ మింట్ 21 (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్). పోయిన వారం అప్‌డేట్ నడుస్తుండగా కరెంట్ పోయింది, బ్యాటరీ నిలబడక మెషీన్ ఆగిపోయింది. అప్పట్నుంచి వై-ఫై గుర్తే కనిపించడం లేదు. అప్‌డేట్ మేనేజర్ తెరిస్తే ఎర్రర్. ప్రశ్నపత్రం సేవ్ చేయబోతే అప్పుడప్పుడు ‘రీడ్ ఓన్లీ’ అంటోంది. పని మధ్యలో అర నిమిషం బిగుసుకుపోయి మళ్లీ కదులుతోంది. విండోస్‌లోకి వెళ్లొస్తే గడియారం తప్పు. పాత తెలుగు ఫైళ్లు తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. షాపులో చూపిస్తే ‘ఇదంతా లినక్స్ వల్లే, విండోస్ వేయిస్తే పోతుంది’ అన్నారు.

మీరు అడిగింది వై-ఫై ఎలా తెచ్చుకోవాలని. దానికీ జవాబు రాస్తాను. కానీ మీ మొదటి ఫోటో చూశాక వరస మార్చక తప్పడం లేదు. దయచేసి ఇది పూర్తిగా చదివేదాకా ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకే కమాండూ కొట్టకండి. ఇంటర్నెట్‌లో దొరికిన ‘రిపేర్’ కమాండ్లు అసలే వద్దు.

ఆ ఫోటోలో నల్ల తెర మీద తెల్ల అక్షరాలున్నాయి. అది కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే లినక్స్ గుండెకాయ, తన గోడు చెప్పుకునే చోటు. మూడో లైనులో ‘ఫెయిల్డ్ కమాండ్: రీడ్’ అని ఉంది. దాని కిందే ‘మీడియా ఎర్రర్’ అనే మాట, ఆ కింద బ్రాకెట్లలో యు-ఎన్-సి అనే మూడక్షరాలు. ఆ తర్వాత ‘ఐ/ఓ ఎర్రర్, డెవ్ ఎస్‌డీఏ, సెక్టార్’ అని ఓ పెద్ద అంకె. సెక్టార్ అంటే డిస్కులో ఒక చిన్న గడి. చివర్లో ‘రీమౌంటింగ్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ’. ఈ లైన్లు ఒకదాని వెంట ఒకటి రావడంలోనే సంగతంతా ఉంది. కెర్నెల్ డిస్కును ఒక చోట చదవమంది. డిస్కు తన తంటాలు తాను పడి, ఇక్కడున్నది చదవలేకపోతున్నాను, సరిచేయడం కూడా నా వల్ల కాదు అని చెప్పింది. యు-ఎన్-సి అంటే అదే. ఫైల్ సిస్టమ్‌కి, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే లెక్కకి, కావాల్సిన భాగమే చదవడానికి రాకపోయేసరికి, ఇంకా రాస్తే ఉన్నది కూడా పాడవుతుందని లినక్స్ తనంతట తాను రాతలు ఆపేసింది. మీకు కనిపించిన ‘రీడ్ ఓన్లీ’ ఇది. మీ ఫైళ్లను కాపాడటానికి పెట్టిన ఏర్పాటు.

అర నిమిషం బిగుసుకుపోవడం కూడా ఇందులోంచే వచ్చి ఉంటుంది. డిస్కుకి ఒక పని అప్పగించాక కెర్నెల్ మామూలుగా 30 సెకన్ల దాకా జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఆ లోపు డిస్కు చదవలేని చోటే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది. మౌస్ బాణం కదులుతుంది, కిటికీలు మాత్రం కదలవు. ర్యామ్ తక్కువైనప్పుడు కూడా మెషీన్ ఇలాగే ఈడుస్తుంది కాబట్టి చాలామంది ముందు ర్యామ్ కొంటారు. మీరు తొందరపడి కొనకండి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆ బ్రాకెట్లలో యు-ఎన్-సి బదులు ఐ-సి-ఆర్-సి అని ఉంటే లోపం డిస్కులో కాదు, డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య ఉన్న కేబుల్‌లోనో కనెక్టర్‌లోనో ఉంటుంది. డిస్కు తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెడితేనో, ఆ చిన్న రిబ్బన్ కేబుల్ మారిస్తేనో తీరిపోతుంది. మీ ఫోటోలో యు-ఎన్-సి స్పష్టంగా ఉంది. కరెంట్ పోవడం వల్లే ఇదంతా వచ్చిందని మీరు అనుకుంటున్నారు. ఒక్కసారిగా ఆగిపోతే మీ లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తన జర్నల్ (చేయబోయే మార్పులు ముందే రాసుకునే చిట్టా) చూసుకుని తర్వాతి బూట్‌లో సర్దుకుంటుంది, దానికి యు-ఎన్-సి రాదు. రాస్తున్న క్షణంలో కరెంట్ పోతే ఒకటి రెండు సెక్టార్లు చదవడానికి రాకుండా పోవచ్చు, అలాంటివి మళ్లీ రాస్తే బాగవుతాయి. మీ ఫోటోలో మూడు వేర్వేరు సెక్టార్ అంకెలున్నాయి, ఒకదానికొకటి చాలా దూరంగా. నాకు అదే నచ్చలేదు.

కాబట్టి మొదటి పని కాపీ. ఆ డిస్కులోని లినక్స్‌ను నడుపుతూ కాపీ చేయకండి. నడుస్తున్నంతసేపూ లాగ్‌లనీ కాష్ అనీ అది ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. స్కూల్లోని వేరే కంప్యూటర్లో లినక్స్ మింట్ 22 ఐఎస్ఓ (మొత్తం సిస్టమ్ ఉన్న ఒకే ఫైలు) దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. విండోస్‌లో అయితే రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నదంతా చెరిగిపోతుంది, ఖాళీదే వాడండి. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ నొక్కుతూ ఉంటే బూట్ మెనూ వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. పెన్‌డ్రైవ్ నుంచే నడిచే డెస్క్‌టాప్ వచ్చాక ‘ఇన్‌స్టాల్’ గుర్తు జోలికి వెళ్లకుండా ఫైల్ మేనేజర్ తెరవండి.

ఎడమవైపు మీ 60 జీబీ భాగం కనిపిస్తుంది. దాని లోపల హోమ్, అందులో మీ పేరుతో ఫోల్డర్. చేతికి దొరికిన పెద్ద ఫోల్డర్ పట్టుకుని లాగేయకండి. ముందు మళ్లీ సంపాదించుకోలేనివి: ప్రశ్నపత్రాలు, మార్కుల లిస్టులు, ఇంట్లోవాళ్ల ఫోటోలు. ఆ తర్వాత మిగతా డాక్యుమెంట్లు. సినిమాలూ డౌన్‌లోడ్లూ చివరికి, వీలుంటేనే. కాపీ ఒక ఫైలు దగ్గర ఆగిపోయి ఎర్రర్ అడిగితే ‘స్కిప్’ కొట్టి ముందుకు వెళ్లండి. ఆ ఒక్క ఫైలు కోసం పదేపదే ప్రయత్నిస్తే దాని పక్కనున్న మంచి ఫైళ్లు కూడా చేయిదాటిపోవచ్చు. కంట్రోల్-హెచ్ నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. బ్రౌజర్ బుక్‌మార్కులు, మీరు వేసుకున్న ఫాంట్లు అక్కడే ఉంటాయి, వాటినీ తీసుకోండి. కాపీ చేసే బయటి డిస్కు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఆ బాధ లేదు.

డిస్కులోంచి టక్ టక్ మని లయగా చప్పుడు వస్తుంటే మాత్రం కాపీ కూడా ఆపి, మెషీన్ ఆఫ్ చేసేయండి. అది డిస్కును చదివే లోపలి తల దెబ్బతిన్న లక్షణం. ఆ డిస్కులో విలువైనవి ఉంటే డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి.

మీకు ఎవరో ఎఫ్ఎస్‌సీకే నడపమన్నారని రాశారు. ఇప్పుడు వద్దు. అది ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచేసే పనిముట్టు. సరిచేయడమంటే డిస్కు మీద రాయడం, కొన్నిసార్లు లెక్క కుదరని వాటిని తీసేయడం. ఆరోగ్యంగా ఉన్న డిస్కులో లెక్క తప్పితే అది మంచి మందు. డిస్కే చదవడానికి రానప్పుడు, చదవలేని చోట ఏమీ లేదనుకుని అది ఫోల్డర్లకు ఫోల్డర్లే తెంపేయగలదు. కాపీ చేతికొచ్చాక ఎన్నిసార్లు నడిపినా నాకు అభ్యంతరం లేదు.

కాపీ అయ్యాక అదే పెన్‌డ్రైవ్ డెస్క్‌టాప్‌లో ‘డిస్క్స్’ అనే ప్రోగ్రాం తెరిచి, ఎడమవైపు 500 జీబీ డిస్కు ఎంచుకుని, పైన మూడు చుక్కల మెనూలో ‘స్మార్ట్ డేటా’ చూడండి, అది డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క. పైన ‘డిస్క్ ఈజ్ ఓకే’ అని రాసి ఉన్నా అక్కడితో ఆగకండి. కంపెనీ పెట్టిన గీత దాటితేనే ఆ మాట మారుతుంది, చాలా డిస్కులు ఆ గీత దాటకముందే మొరాయిస్తాయి. పట్టికలో నాలుగు వరసలు చూడాలి. 5వ నంబరు: పాడైనందుకు డిస్కు తానే పక్కనపెట్టి, వేరే చోటికి మార్చుకున్న సెక్టార్లు. 197: చదవలేక, ఏం చేయాలో తేలక వేచి ఉన్నవి. 198: తనిఖీలో కూడా చదవడానికి రానివి. 199: కేబుల్ తప్పులు. 199 ఒక్కటే పెరిగి మిగతా మూడూ సున్నా అయితే డిస్కు మంచిదే, కేబుల్ చూడాలి. 5, 197 రెండూ పదుల్లోనో వందల్లోనో ఉంటే, ముఖ్యంగా ఈరోజుకీ రేపటికీ పెరుగుతుంటే, ఆ డిస్కుతో ఇక పని చేయకండి. దాని మీద వై-ఫై బాగు చేయడం, ప్యాకేజీలు సర్దడం అంతా వృథా శ్రమ.

షాపువాళ్ల సలహా మీద నా అభిప్రాయం కూడా ఇక్కడే చెబుతాను. విండోస్ మళ్లీ వేసినా వేసేది అదే డిస్కు మీద. పాడైన సెక్టార్లకు పైన ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో తెలియదు. కొన్ని వారాలు బాగున్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే కొత్త ఫైళ్లు మంచి చోట్ల పడతాయి. తర్వాత మళ్లీ మొదటికొస్తుంది, ఈలోపు ఫార్మాట్‌లో మీ ప్రశ్నపత్రాలు పోయి ఉంటాయి. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయి, మీది ఆరోది. ఇలాంటి మెషీన్‌కి మింట్ 22 సరైన ఎంపిక అని నేను నిజంగా నమ్ముతున్నాను. దానికి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి.

స్మార్ట్ అంకెలు బాగాలేకపోతే చేయాల్సింది తేలికే. రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని, చిప్‌ల మీద నడిచే డిస్కు) ఒకటి, 240 లేదా 256 జీబీది, తీసుకోండి. పాత డిస్కు తీసిన చోటే అది కూర్చుంటుంది. మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఆ తర్వాతే మిగతావి. పాత డిస్కును కొత్తదాని మీదికి మక్కికి మక్కి క్లోన్ చేయించకండి. పాడైన సెక్టార్ల దగ్గర క్లోన్ ఆగుతుంది, ఆగకపోయినా ఆ సగం సగం అప్‌డేట్ అంతా కొత్త డిస్కులోకి వచ్చేస్తుంది. కొత్తగా మింట్ వేసి, కాపీ చేసుకున్న ఫైళ్లు తెచ్చుకుంటే అప్‌డేట్ గొడవ దానంతట అదే తీరిపోతుంది. ఎస్ఎస్‌డీ పడ్డాక మీ మెషీన్‌లో కనిపించే మార్పు ఏ ర్యామ్ వల్లా, ఏ ట్వీక్ వల్లా రాదు. కాలేజీ ల్యాబుల్లో ఇలాంటి పాత మెషీన్లు చాలా చూశాను. డిస్కు మార్చాక అవే మళ్లీ హాయిగా నడుస్తున్నాయి.

ఇక వై-ఫై. డిస్కు బాగుందని తేలినా, కొత్త డిస్కులో మింట్ వేసినా మీకు ఇది అవసరమే, కాబట్టి ఇది ఎందుకు పోయిందో వివరంగా రాస్తాను. కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.

మీ రెండో ఫోటోలో ఎల్ఎస్‌పీసీఐ (మెషీన్‌లోని చిప్‌ల జాబితా చూపే కమాండ్) ఫలితం ఉంది. బ్రాడ్‌కామ్ బీసీఎం43142 అని చిప్ పేరు కనిపిస్తోంది. అంటే చిప్ చనిపోలేదు, మదర్‌బోర్డు దాన్ని చూస్తూనే ఉంది. ఆ పేరు కింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను ఉండాలి. మీకు లేదు. చిప్ ఉంది, దాన్ని నడిపే డ్రైవర్ లేదు. ఈ చిప్‌కి డ్రైవర్ కెర్నెల్‌తో పాటు రాదు, డబ్ల్యూ-ఎల్ అనే డ్రైవర్ విడిగా ఒక ప్యాకేజీలో వస్తుంది. కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ దానికి సరిపోయేలా ఆ డ్రైవర్‌ను మీ మెషీన్ మీదే మళ్లీ కట్టాలి. దర్జీ దగ్గర కొత్త కొలతలకు చొక్కా మళ్లీ కుట్టించినట్టు. ఆ కుట్టుపని చేసేది డీకేఎంఎస్. దానికి కావాల్సిన కొలతలు కెర్నెల్ హెడర్స్ అనే ప్యాకేజీలో ఉంటాయి.

ఇప్పుడు మీ మూడో ఫోటో చూడండి. డీఎఫ్ (ఎంత జాగా నిండిందో చూపే కమాండ్) ఫలితంలో మీ 60 జీబీ భాగం 100 శాతం నిండి ఉంది. అప్‌డేట్ కొత్త కెర్నెల్ తెచ్చింది, హెడర్స్ విప్పడానికి జాగా చాల్లేదు, ఆ అవస్థలో ఉండగానే కరెంట్ పోయింది. కొత్త కెర్నెల్ బూట్ అవుతోంది కానీ దానికి డబ్ల్యూ-ఎల్ డ్రైవర్ కట్టలేదు. అందుకే వై-ఫై గుర్తు లేదు, అందుకే అప్‌డేట్ మేనేజర్ మధ్యలో ఆగిన పని ఉందని గోల పెడుతోంది. మీరు రెండు సమస్యలుగా రాసినవి నిజానికి ఒకే అప్‌డేట్ మిగిల్చినవి.

దీన్ని నిర్ధారించుకోవడం సులువు. బూట్ అయ్యేటప్పుడు విండోస్, లినక్స్ ఎంచుకునే మెనూ వస్తుంది కదా, అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ లోకి వెళ్లి పాత కెర్నెల్ అంకె ఉన్నది ఎంచుకోండి. వై-ఫై వచ్చిందంటే నేను చెప్పింది సరే. రాకపోతే ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టి, ‘హార్డ్ బ్లాక్డ్: యెస్’ అని ఉందేమో చూడండి. ఉంటే అది కీబోర్డు మీది ఫ్లైట్ మోడ్ బటన్ పని, డ్రైవర్‌తో సంబంధం లేదు.

ముందు జాగా చేయాలి. జాగా లేకుండా ఏ రిపేరూ ముందుకు సాగదు. మీ మెషీన్‌లో ‘డిస్క్ యూసేజ్ అనలైజర్’ ఉంది, కానీ నా అనుమానం మొదట టైమ్‌షిఫ్ట్ మీద. మింట్ వేసిన కొత్తలో స్వాగతం పలికే కిటికీ చెప్పిందని దాన్ని ఆన్ చేసి ఉంటారు, రోజువారీ స్నాప్‌షాట్లు (పాడైతే వెనక్కి వెళ్లడానికి తీసుకునే సిస్టమ్ నకళ్లు) అదే 60 జీబీలో పేరుకుని ఉంటాయి. టైమ్‌షిఫ్ట్ తెరిచి చివరిది ఒక్కటి ఉంచి మిగతావి అందులోంచే తీసేయండి, ఫైల్ మేనేజర్‌తో చేత్తో తీయకండి. తర్వాత ‘సుడో ఆప్ట్ క్లీన్’, ఇది దించుకున్న ప్యాకేజీ ఫైళ్లను తుడిచేస్తుంది, దీనివల్ల ఏ ప్రోగ్రామూ పోదు. ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎమ్’ కొడితే పాత లాగ్‌లు 200 ఎంబీకి తగ్గుతాయి. వాడని ఫ్లాట్‌పాక్ రన్‌టైములు ‘ఫ్లాట్‌పాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్’ తో పోతాయి. చెత్తబుట్ట ఖాళీ చేయడం మర్చిపోకండి.

100 శాతం నిండినా మెషీన్ బూట్ అవుతోందంటే కారణం, ఈఎక్స్‌టీ4 అయిదు శాతం జాగాను రూట్ (సిస్టమ్ సొంత పనులు చేసే అడ్మిన్ ఖాతా) కోసం దాచి ఉంచుతుంది. మీ 60 జీబీలో అది 3 జీబీ. అది కూడా అయిపోయే రోజు వస్తే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరే వస్తుంది. చాలామంది పాస్‌వర్డ్ మర్చిపోయామనుకుని టెన్షన్ పడతారు. అప్పుడు కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కితే నల్ల తెర లాగిన్ వస్తుంది, అక్కడినుంచి పైన చెప్పిన కమాండ్లతోనే జాగా చేసుకోవచ్చు.

జాగా వచ్చాక ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. దీనికి లినక్స్‌లో ఏ డ్రైవరూ విడిగా అక్కర్లేదు, వై-ఫై లేని మెషీన్‌కి నెట్ ఇవ్వడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. అప్పుడు వరసగా: ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ’, మధ్యలో ఆగిన పని పూర్తి చేస్తుంది. ‘సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్’, తెగిన ముడులు వేస్తుంది. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-జెనెరిక్’, కొలతలు తెస్తుంది. ఆ తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిచి బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేయండి. అయ్యాక ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొట్టండి. ‘యునేమ్ -ఆర్’ చెప్పిన కెర్నెల్ అంకె పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉంటే రీబూట్ చేయండి, వై-ఫై వస్తుంది.

మధ్యలో ‘కుడ్ నాట్ గెట్ లాక్’ అని వస్తే, ఆ లాక్ ఫైలును తీసేయమని చెప్పే సలహాలు చాలా కనిపిస్తాయి. తీయకండి. వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందని దాని అర్థం. రెండూ ఒకేసారి రాస్తే ప్యాకేజీల లెక్కే పాడవుతుంది. పది నిమిషాలు ఆగితే అదే వదులుతుంది.

ఇంకొక్క చోట చాలామంది చిక్కుకుంటారు. మీ బయాస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సంతకం లేని డ్రైవర్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు. అందుకే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది. రీబూట్‌లో నీలం తెర వస్తుంది, అందులో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఆగుతుంది. ఏమిటో అనుకుని వదిలేస్తే మామూలుగా బూట్ అవుతుంది, డ్రైవర్ మాత్రం ఎక్కదు. నీలం తెర కాబట్టి ఏదో పాడైందని భయపడకండి.

‘రీడ్ ఓన్లీ’ గురించి ఇంకో మాట. ఆ మాట మీ లినక్స్ భాగంలో వస్తే కారణం పైన చెప్పిందే. విండోస్ డీ డ్రైవ్‌లో సేవ్ చేసేటప్పుడు మాత్రమే వస్తే అది వేరే జబ్బు. విండోస్ 10ను షట్‌డౌన్ చేసినా, ‘ఫాస్ట్ స్టార్టప్’ వల్ల అది నిజంగా మూతపడదు, సగం నిద్రలో ఉంటుంది. ఇంకొకరు తెరిచి ఉంచిన పుస్తకంలో రాయకూడదని లినక్స్ ఆ డ్రైవ్‌ను చదవడానికే తెరుస్తుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తే సరి.

గడియారం సంగతి చిన్నదే. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన టైమ్ రాస్తుంది, లినక్స్ దాన్ని యూటీసీగా (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైమ్) చదువుతుంది, మనకు తేడా అయిదున్నర గంటలు కాబట్టి ఉదయం పదింటికి మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. ఇన్నాళ్లూ కనిపించకపోవడానికి కారణం నెట్ రాగానే లినక్స్ సర్దుకునేది. ఇప్పుడు వై-ఫై లేదు కాబట్టి బయటపడింది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ కొడితే ఇద్దరూ ఒకే లెక్కలో ఉంటారు. ఒక హెచ్చరిక చూపిస్తుంది, మీ అవసరానికి ఫర్వాలేదు. అదే తేదీ ఏళ్లు వెనక్కి పోతుంటే మాత్రం మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. అప్పుడు బ్రౌజర్‌లో ఏ సైటూ భద్రం కాదని ఎర్రర్లు వస్తాయి.

బ్యాటరీ మీద మీరు ఏమీ అడగలేదు కానీ ఈ కథకి మొదలు అక్కడే ఉంది. ‘పవర్ స్టాటిస్టిక్స్’ ప్రోగ్రాంలో ‘ఎనర్జీ వెన్ ఫుల్’, ‘ఎనర్జీ వెన్ ఫుల్ డిజైన్’ అని రెండు అంకెలుంటాయి. మొదటిది రెండోదానిలో సగానికి చాలా తక్కువైతే బ్యాటరీ మార్చాల్సిందే. మార్చేదాకా కరెంట్ నిలకడగా ఉన్నప్పుడే అప్‌డేట్లు పెట్టండి, లేదా ఇంట్లో ఇన్వర్టర్ లైన్ మీద. ముఖ్యంగా ఇది చూడండి: టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు, క్లిక్ పడనట్టు ఉందా? కింది మూత సరిగ్గా కూర్చోవడం లేదా? అయితే బ్యాటరీ ఉబ్బుతోంది. ఛార్జింగ్ వెంటనే ఆపి, దాన్ని బయటికి తీయించండి. సూదితో గుచ్చడం, నొక్కి సర్దడం ప్రమాదం, మంట అంటుకోవచ్చు.

ర్యామ్ కొనేముందు ‘ఫ్రీ -హెచ్’ కొట్టి ‘ఎవైలబుల్’ గడి చూడండి. పక్కనే ఉన్న ‘ఫ్రీ’ గడి తక్కువ ఉంటే కంగారు పడొద్దు, ఖాళీ ర్యామ్‌ను లినక్స్ కాష్‌కి వాడుకుని, అడగగానే వదిలేస్తుంది. బ్రౌజర్ తెరిచి ఉండగా ఎవైలబుల్ 300 ఎంబీ కిందికి పోతుంటే ఇంకో 4 జీబీ వేయించడం మంచిది. ఆరో తరం ల్యాప్‌టాప్‌లు కొన్ని డీడీఆర్3ఎల్, కొన్ని డీడీఆర్4. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. ఉన్న కడ్డీ మీద స్టిక్కర్ ఫోటో తీసుకుని షాపుకెళ్లండి.

చివరిగా తెలుగు ఫైళ్లు. తెలుగు మాస్టారు కాబట్టి ఇది మీకు అన్నిటికన్నా ముఖ్యమని తెలుసు. ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తున్న ఆ పాత ప్రశ్నపత్రాలు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించినవై ఉంటాయి. ఆ పద్ధతిలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, వాటి మీద తెలుగు బొమ్మ తొడిగేది ఫాంటు. ఫాంటు లేకపోతే లోపలి సంకేతం బయటపడుతుంది. ఫైలు చెడిపోలేదు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో అలా కాదు, 1991లో వచ్చిన మొదటి రూపం నుంచే తెలుగుకి దానిలో సొంత చోటు ఉంది. మీ దగ్గర ఆ ఫాంటు ఫైళ్లు ఉంటే హోమ్‌లో దాగి ఉన్న ‘.లోకల్’ లోపల ‘షేర్’, అందులో ‘ఫాంట్స్’ అనే ఫోల్డర్లో వేసి లాగౌట్ అయి రండి, చాలావరకు చదవడానికి వస్తాయి. కానీ తీరిక చేసుకుని ఒక్కొక్కటే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి భద్రం చేసుకోండి. మార్చాక వత్తులూ, అరుదైన సంయుక్తాక్షరాలూ ఒకసారి కళ్లతో సరిచూడాలి, అక్కడే తప్పులు పడతాయి.

కొత్తగా టైప్ చేయడానికి మీకు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) అలవాటుంటే కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చితే చాలు, వేరే ఏదీ వేయక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో పలుకుబడిగా కొట్టే అలవాటైతే ‘ఇన్‌పుట్ మెథడ్’ సెట్టింగ్‌లో ఐబస్ ఎంచుకుని, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, అందులో తెలుగు ఐట్రాన్స్ గానీ ఆర్‌టీఎస్ గానీ తీసుకోండి. ఒకసారి లాగౌట్ కాకపోతే పని చేయదు. జిరాక్స్ షాపుకి ఇచ్చేటప్పుడు ఫైలు ఇవ్వకుండా లిబ్రే ఆఫీస్‌లోనే పీడీఎఫ్ చేసి ఇవ్వండి, అక్కడ ఏ ఫాంటు ఉన్నా లేకున్నా మీరు చూసినట్టే అచ్చవుతుంది.

కాపీ పూర్తయ్యాక స్మార్ట్ పట్టికలోని 5, 197, 198, 199 అంకెలు ఫోటో తీసి పెట్టండి. వాటిని చూసి కేబుల్ మారిస్తే చాలా, ఎస్ఎస్‌డీ కొనాలా అన్నది చెబుతాను. ర్యామ్ కడ్డీ ఫోటో, ల్యాప్‌టాప్ కింద అంటించిన మోడల్ నంబరు కూడా పెడితే ఏది సరిపోతుందో అప్పుడే రాస్తాను.